గైడులో నది, మా ఊళ్ళలో ఇసుక

నాకు డిగ్రీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివర్లో చెబితే ‘ఓహో, అందుకా’ అనేవాళ్ళు మా వైపు చాలామంది ఉన్నారు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరాను. పప్పు ఏరే బల్ల దగ్గర మొదలుపెట్టి, కొన్నేళ్ళకి డబ్బాల మీద లేబుళ్ళు అంటించే పనికి వచ్చాను. ఆ లేబుళ్ళ మీద ఇంగ్లీషులో ఏం రాసుందో తెలియకపోవడం నాకు అవమానంగా ఉండేది. మా చర్చి బీరువాలో మిషన్ దొరలు వదిలి వెళ్ళిన ఇంగ్లీషు పాటల పుస్తకం ఒకటి ఉండేది. ఆ పాటలన్నీ తెలుగులో నాకు నోటికి వచ్చు. ఈ చరణానికి ఆ చరణం, ఈ మాటకి ఆ మాట అని పక్కపక్కన పెట్టి జతపరుచుకున్నాను. తర్వాత పాత పేపర్లు, రైల్లో ఎవరో వదిలేసిన పత్రికలు. ముప్ఫై ఏళ్ళు అలా చదివాను. నాకు నేర్పినవాడు ఎవడూ లేడు, కాబట్టి తప్పు నేర్పినవాడూ లేడు. ఆ గర్వం ఉంది, దాచుకోను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పలాస నుంచి ఉద్దానం వెళ్ళే రోడ్డు మీదున్న ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. ఏడాది మధ్యలో చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. స్కూలు కరస్పాండెంటు మా చర్చి మనిషే. ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల మీద నన్ను పట్టుకుని, ‘ఈ ఏడాదికి గట్టెక్కించు’ అన్నాడు. అప్పటికి నాకు యాభై దాటింది. ఫ్యాక్టరీ మానేసి ఖాళీగా ఉన్నాను. సరే అన్నాను. కాళ్ళు ఒకచోట నిలవని వాణ్ణి, ఇంట్లో కూర్చోవడం చేతకాదు.

పదో తరగతికి వెళ్ళిన మొదటి వారంలో ‘మా ఊరు’ మీద ఒక పుట రాయమన్నాను. పుస్తకాలు దిద్దడానికి కూర్చుంటే మూడో పుస్తకానికే నాకు అనుమానం వచ్చింది. అందరి ఊరూ నది ఒడ్డునే ఉంది. అందరి ఊళ్ళోనూ పచ్చని పొలాలు, పోస్టాఫీసు, జబ్బు ఎరగని జనం. వాళ్ళు ఒకరితో ఒకరు అన్నదమ్ముల్లా ఉంటారు. గైడులో ఉన్నదాన్ని ఉన్నట్టు బట్టీ కొట్టి దించారు. ఆ పిల్లలందరిదీ ఉద్దానం. ఇసుక నేల, కొబ్బరి, జీడి. నది ఎక్కడుంది? బారువ నుంచి వచ్చే ఒక్క కుర్రాడికి మాత్రం ఊరి పక్కన సముద్రంలో కలిసే ఏరు నిజంగానే ఉంది. వాడు కూడా తన ఏరు వదిలేసి గైడులో నదినే రాశాడు. ‘ఏరా, మీ ఏరు ఏం పాపం చేసింది’ అని అడిగితే, అది పరీక్షకి వచ్చే నది కాదన్నాడు.

ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఇంగ్లీషు రాకపోవడం తప్పు కాదు, నాకూ ముప్ఫై ఏళ్ళు పట్టింది. కళ్ళ ముందున్నది రాయడానికి పనికిరాదని పదిహేనేళ్ళ పిల్లలకి ఎవరు చెప్పారు?

మర్నాడు నేను పనిచేసిన ఫ్యాక్టరీకి వెళ్ళి, పాత పరిచయం కొద్దీ కొంచెం పప్పు కలగలుపుగా కట్టించుకొచ్చాను. చెక్కుచెదరని పప్పుని గుండు అంటాం, రెండుగా విడిపోయినదాన్ని బద్ద అంటాం. గుండు, బద్ద, ముక్క, పొట్టు సరిగా పోనిది, మాడినది, అన్నీ కలిసి. క్లాసులో తలా గుప్పెడు పంచి, అందులోంచి ఒక్కటి తీసుకుని, దానిలాంటిది ప్రపంచంలో మరొకటి లేదన్నట్టు ఇంగ్లీషులో వర్ణించమని చెప్పబోయాను. నా నోట్లోంచి మాట వచ్చేలోపే వాళ్ళ వేళ్ళు కదిలాయి. చూస్తుండగానే గుండ్లు ఒక పక్క, బద్దలు ఒక పక్క, ముక్కలు ఒక పక్క చేరిపోయాయి. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఆలోచించలేదు. ఇళ్ళలో అమ్మల పక్కన కూర్చుని చేసే పని అది. నేను బల్ల దగ్గర నిలబడిపోయాను. 

తర్వాత అన్నాను, ‘మీరిప్పుడు చేసిందే రాయడం. దేన్ని దేంట్లో కలపకూడదో మీ వేళ్ళకి తెలుసు. అదే కాగితం మీద చెయ్యండి’ అని.

చాలామంది ‘ఇది తెల్లగా ఉంది, రుచిగా ఉంది’ దగ్గర ఆగిపోయారు. మూడో బెంచీలో కూర్చునే ఒక పిల్ల మాత్రం ఇలా రాసింది. ఇంగ్లీషులో తడబడింది గాని అర్థం ఇదే: ‘నా గుండు వీపు మీద ఒక గోటి గాటు ఉంది. అది మా అమ్మ గోరు కాదు. మా అమ్మ బొటనవేలికి గోరు నిలవదు.’

ఆ పుస్తకం పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగాను. ముప్ఫై ఏళ్ళలో నేను చదివిన ఇంగ్లీషు అంతా ఒక ఎత్తు, ఆ మూడు వాక్యాలు ఒక ఎత్తు. ఆ పిల్ల తల్లి పొట్టు తీసే పని చేస్తుంది. తండ్రి లేడు. కిడ్నీలు పాడై కాళ్ళు వాచి, విశాఖపట్నం ఆసుపత్రికి తిరిగి తిరిగి పోయాడు. ఆ సంగతి నాకు పిల్ల చెప్పలేదు, తోటి మాస్టార్లు చెప్పారు. మా వైపు అలా పోయినవాళ్ళు చాలామంది, నీళ్ళ వల్లే అంటారు, ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

రెండు రోజులకి ఆ తల్లి స్కూలుకి వచ్చింది. నన్ను మెచ్చుకోవడానికి వచ్చిందనుకున్నాను. నా తెలివి అంత.

గేటు దగ్గరే మొదలుపెట్టింది. జీడి సొన అంటకుండా చేతులకి పూసుకున్న బూడిద కూడా కడుక్కోలేదు, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది.

“ఏటి మాట్టారూ, ఏటి సేత్తన్నావు నువ్వు? ఇస్కూల్లో పప్పు ఏరిత్తన్నావట?”

అది వర్ణన నేర్పడం కోసమని ఏదో చెప్పబోయాను.

“నాకు సెప్పకు. పప్పు ఏరడం నానే నేర్పగల్ను, నీకు పీజెందుకు? దాని సేతులు నా సేతుల్లా అవకూడదనే కదా బాబూ నీ దగ్గరికి తోలుతన్నాను. నువ్వూ అదే పని పెడితే ఇంకెక్కడికి తోలీది?”

పక్కన ఏడో తరగతి పిల్లలు కిటికీలోంచి చూస్తున్నారు. కరస్పాండెంటు ఆఫీసు గదిలోంచి వచ్చి ఆమెకి సర్దిచెప్పాడు. వెళ్ళేటప్పుడు ఆమె గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది. పిల్ల పదో తరగతి ఒక్క దెబ్బతో పాసైతే టెక్కలి కాలేజీకి పంపుతుంది. తప్పితే మళ్ళీ కట్టించి రాయించే ఓపిక తనకి లేదు, మర్నాడే బల్ల దగ్గర కూర్చోబెడుతుంది. ‘మిగతావన్నీ గట్టెక్కేత్తాది. ఇంగిలీసే బయం’ అంది. ఆ ఇంగ్లీషు నా చేతిలో ఉంది.

నేను భయపడి ఉండాల్సింది. భయపడలేదు. సొంతంగా రాయడం వచ్చిన పిల్లకి పాసవడం ఒక లెక్కా అనుకున్నాను. పప్పు తేవడం మానేశాను గాని పద్ధతి మార్చలేదు. వర్ణన నుంచి వాదనలోకి దిగాం. వాదించడం మా వాళ్ళకి నేర్పక్కర్లేదు, బారువ ఒడ్డున చేపల బేరం ఒక్కసారి చూస్తే చాలు. నేర్పాల్సింది ఎదుటివాడి మాట వినడం. అందుకని ఒక నియమం పెట్టాను. ఎవరైనా సరే, తన మాట చెప్పేముందు ఎదుటివాడి మాట చెప్పాలి. అది కూడా ఎదుటివాడికంటే బలంగా చెప్పాలి. అలా చెప్పలేనివాడికి కాదనే హక్కు లేదు. మొదట్లో క్లాసంతా గోలగా ఉండేది. ‘సార్, ఆడి మాట నాను సెప్తే ఆడు గెలిచీసినట్టే కదా’ అని బారువ కుర్రాడు మొర పెట్టుకునేవాడు. మూడో బెంచీ పిల్లకి మాత్రం అది చప్పున పట్టుబడింది. అవతలివాళ్ళ వాదన ఎంత బాగా చెప్పేదంటే, కాసేపు ఆమెది ఏ పక్షమో మర్చిపోయేవాళ్ళం.

ఫిబ్రవరిలో ప్రీఫైనల్ పరీక్షలు పెట్టారు. పబ్లిక్ పరీక్షలాగే ఉండాలని ఆ ఏడాది పేపర్లు బయటి స్కూలు మాస్టార్లతో దిద్దించారు. వ్యాసానికి ‘మా ఊరు’ వచ్చింది. ఆ పిల్ల తన ఊరే రాసింది. ఎండలో కాలే ఇసుక గురించి, కొబ్బరి మట్టలు కింద పడే చప్పుడు గురించి రాసింది. ఒకచోట ఇలా ఉంది: ‘మా ఊరి పెద్దవాళ్ళు బావి నీళ్ళు తాగే ముందు గ్లాసులోకి ఒకసారి చూస్తారు. ఏమీ కనపడదు. తాగేస్తారు.’

పదికి రెండు వేశారు. పక్కన ఎర్ర సిరాతో ‘పాయింట్లు లేవు’ అని రాశారు. గైడులో నది దించినవాళ్ళకి ఏడు, ఎనిమిది. ఆ వ్యాసం దెబ్బకి మొత్తం పేపరులో ఆమె మూడు మార్కులతో తప్పింది.

దిద్దిన మాస్టారిది టెక్కలి అని కనుక్కుని, నేను ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకుని టెక్కలి బస్సెక్కాను. హైవే మీద ఆ గంట ప్రయాణంలో సీటులో కుదురుగా కూర్చోలేకపోయాను. ఆయనతో ఏమేం అనాలో, ఇంగ్లీషులో అనాలో తెలుగులో అనాలో అన్నీ అనుకున్నాను. తీరా వెళ్తే ఆయన మంచి మనిషి. నాకంటే చిన్నవాడు. స్టాఫ్ రూములో కట్టలు కట్టలుగా పేపర్లు ముందు పెట్టుకుని దిద్దుతున్నాడు. కుర్చీ వేయించాడు. పేపరు చూపిస్తే మొత్తం ఓపికగా చదివాడు.

“బాగుందండీ,” అన్నాడు. “కానీ దిద్దేటప్పుడు నేను చదవను, వెతుకుతాను. నది ఉందా, పొలాలున్నాయా, పోస్టాఫీసు ఉందా అని. ఒక్కో పేపరుకి నాకుండే టైములో అంతే అవుతుంది. పబ్లిక్‌లో దిద్దేవాడు కూడా నాలాంటివాడే.”

వెతకడం దిద్దడం కాదన్నాను. ఒప్పుకున్నాడు. ఒప్పుకునేవాడితో పోట్లాడటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. తర్వాత మాటల్లో మాటగా, నేను బీఎడ్ ఎక్కడ చేశానని అడిగాడు. చేయలేదన్నాను. ఎమ్మేనా అన్నాడు. కాదన్నాను. ఆయన మొహంలో ఏమీ మారలేదు, టీ తెప్పించాడు. ఆ టీ తాగి వచ్చాను. ఎందుకు తాగానా అని ఇప్పటికీ అనుకుంటాను.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టాక ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. చంకలో గైడు ఉంది. ఎవరిదో పాతది, అట్ట లేదు. పరీక్షకి వచ్చే వ్యాసాలు అప్పచెప్పించుకోమని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. ఆ రెండు మార్కులు చూసి హడిలిపోయావా అన్నాను. టెక్కలి వెళ్ళి వచ్చిన సంగతి, ఆయన బాగుందన్న సంగతి, చదవను వెతుకుతానన్న సంగతి కూడా చెప్పాను. ఆమె అంతా విన్నది. విని, గైడు బెంచీ మీద పెట్టి నిలబడింది. క్లాసులో వాదనకి నిలబడినట్టే నిలబడింది.

“ముందు మీ మాట సెప్తాను సార్,” అంది. “సొంతంగా రాత్తే బుర్ర ఎదుగుతాది. రేపు కాలేజీలోనైనా, ఏ ఆఫీసులోనైనా నా మాట నానే రాసుకోగల్ను, ఒకరి కాళ్ళు పట్టుకోనక్కర్లేదు. గైడు దించితే సెయ్యి రాసినట్టు గాని నాను రాసినట్టు కాదు. అందరూ దించుతుంటే మా ఊరు ఎలాగుంటాదో ఎవులికీ ఎప్పుడికీ తెలీదు. ఇది మీ మాట. సరిగ్గా సెప్పినానా?”

నేను చెప్పినదానికంటే బాగా చెప్పింది. తల ఊపాను.

“ఇప్పుడు నా మాట. ఆ కాలేజీకి ఎల్లాలంటే ముందు గేటు దాటాల. గేటు కాడ మీరుండరు, టెక్కలి సారుంటారు. ఆరు సదవరు, ఎతుకుతారు, ఆరే సెప్పినారు మీకు. ఆరు ఎతికీది నాను ఇచ్చీసి లోపలికి ఎల్తాను. మీరు నేర్పింది ఎక్కడికీ పోదు సార్, నా దగ్గరే ఉంటాది. గైడు పరీచ్చ అయిపోయాక మర్సిపోతాను.”

మరి రాసే అలవాటు తప్పిపోతే, అన్నాను.  చెప్పాలా వద్దా అని చూసి చెప్పింది.

“నాను ఫెయిలైతే మీరు బాదపడతారు సార్. బాదపడి, జూన్‌లో కొత్త పిల్లలకి మళ్ళీ పాటం సెప్తారు. నాను బల్ల కాడ ఉంటాను.”

ఆ వాదనలో ఎక్కడో ఒకచోట బలహీనమైన పాయింటు ఉండాలి కదా అని వెతికాను. ఆ మధ్యాహ్నం వెతికాను, ఇప్పటిదాకా వెతుకుతున్నాను. గైడు ఇటు ఇమ్మన్నాను.

పబ్లిక్ పరీక్షలు మొదలయ్యేదాకా రోజూ అన్నాల బెల్లు కొట్టాక వరండాలో ఆమె నాకు వ్యాసాలు అప్పచెప్పింది. పండగ, రైలు ప్రయాణం, కొండ మీద చల్లని ఊరికి విహారయాత్ర, ఆదర్శ విద్యార్థి, అన్నీ. గైడులో అచ్చుతప్పులుండేవి, అడ్డదిడ్డపు వాక్యాలుండేవి. దిద్దబోతే, ‘ఉండనీండి సార్, ఆరికి ఇలాగే అలవాటు’ అనేది. ఉండనిచ్చాను. కుర్చీలో కూర్చుని వినలేక, ఆమె చెబుతుంటే నేను వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవాణ్ణి. పాటల పుస్తకం ముందేసుకుని ఒక్కొక్క మాట ఏరుకున్నవాణ్ణి, లేని ఊరికి దారి నేర్పుతున్నాను. ఒక్క మాట తప్పు పోయినా ఆపి, మళ్ళీ మొదటినుంచి చెప్పమనేవాణ్ణి. పని చేస్తే సరిగా చేయడం ఒకటి నాకు ఫ్యాక్టరీ నేర్పింది.

పబ్లిక్ పరీక్ష రోజు నేను సెంటరు దగ్గరికి వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. బయటికి వచ్చి ఆమె నాకు చేత్తో సైగ చేసింది, వచ్చిందని. విహారయాత్ర వచ్చిందట. మంచు, పైన్ చెట్లు, ఉన్ని కోటు, ఒక్క మాట పోకుండా దించేశానని చెప్పింది. నవ్వుతూ చెప్పింది. సంతోషమన్నాను. నా మొహం చూసి మిగతాది చెప్పకుండా బస్సుకోసం పరుగెత్తింది.

ఫలితాలు వచ్చేదాకా నాకు కాలు నిలవలేదు. పాసవకపోతే ఏమిటన్నది ఒక బాధ. పాసైతే ఏమిటన్నది ఇంకో బాధ. పేపరు వచ్చిన రోజు పొద్దున్నే పలాస స్టేషను దగ్గర కొని, అక్కడే నిలబడి నంబరు వెతికాను. ఉంది. రెండుసార్లు, మూడుసార్లు చూశాను, ఉంది. అక్కడినుంచి తిన్నగా ఆమె తల్లి పనిచేసే ఫ్యాక్టరీకి నడిచాను.

పొట్టు తీసే షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ఆ తల్లి పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది, అందులో ఆమె బుట్ట పెట్టి ఉంది. నన్ను చూసింది గాని చేతులు ఆపలేదు.

“పాసమ్మా,” అన్నాను.

ఆమె చేతిలో ఉన్న పప్పు పొట్టు తీయడం పూర్తిచేసి చేటలో వేసింది. తర్వాత పక్క చోటులో ఉన్న బుట్ట తన ఒళ్ళోకి లాక్కుని, అవతల కూర్చున్నామెతో అంది, “ఒలే, ఇటు జరుగు. పరీచ్చల కాడ్నుంచి మేస్త్రీకి సెప్పి అట్టే పెట్టినాను దానికోసం. ఇంక అక్కర్లేదు.”

అవతలామె జరిగింది. చోటు మూసుకుపోయింది. అప్పుడు ఆ తల్లి కొంగుతో మొహం తుడుచుకుని, గేటు దగ్గర నన్ను తిట్టిన గొంతుతోనే అడిగింది.

“ఏటి రాసిందట మాట్టారూ? మా ఊరు గురించేనా?”

“కాదమ్మా. కొండ మీద చలి ఊరు గురించి. మంచు పడుతుంది, కోట్లు వేసుకుంటారు.”

“ఓలమ్మా, అదెప్పుడెల్లిందే?” అని పక్కవాళ్ళని చూసింది. వాళ్ళు నవ్వారు. “నువ్వెల్లినావా?”

“లేదు.”

“మరి దిద్దినోడు?”

టెక్కలి మాస్టారు, ఆయన ముందున్న పేపర్ల కట్టలు గుర్తొచ్చాయి. “ఆయనా వెళ్ళి ఉండడు,” అన్నాను.

“మంచిదే. ఎవులూ ఎల్లని ఊరు నా కూతురొక్కతీ ఎల్లొచ్చీసింది,” అంది.

షెడ్డంతా నవ్వింది. మేస్త్రీ అటునుంచి కేకేశాడు. నేనూ నవ్వాను, నిజంగానే నవ్వాను. గేటు దాటాక ఇంటివైపు కాకుండా రైలు గేటువైపు నడిచాను, గేటు వేసి ఉంటే వెనక్కి తిరిగి మళ్ళీ ఫ్యాక్టరీదాకా వచ్చాను. లోపల ఆడవాళ్ళు ఇంకా ఆ చలి ఊరి గురించే మాట్లాడుకుంటున్నారు. కరస్పాండెంటు జూన్‌లో కూడా రమ్మన్నాడు. ఆ సాయంత్రం చెబుతానన్నాను. వెళ్ళి మళ్ళీ వాళ్ళ ఊళ్ళు రాయించాలో, గైడే అప్పచెప్పించుకోవాలో తేల్చుకోలేక రోడ్డు మీదే నిలబడ్డాను.